'లోకల్' అంటే ఎవరు?

(విద్యార్థులు, ఉద్యోగుల కోసం హన్మకొండలో జరిగిన ఒక అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం 371-డి అధికరణం, రాష్ట్రపతి ఉత్తర్వులు. అది ఒక్క పూటలో తెగే ముచ్చట కాదు. ఉద్యోగ సంఘాల్లో తలపండినవాళ్లు కూడా ఆ ఉత్తర్వుల పేరాల దగ్గర తడబడతారు. అందుకని నేను వాటిలోంచి ఒక్క మాటే తీసుకుంటాను. ఆ మాట 'లోకల్'. పుస్తకాల్లో 'స్థానికుడు' అని రాస్తున్నాం గాని ఊర్లల్ల కూడా ఇప్పుడు లోకల్ అనే అంటున్నారు. ఆటో స్టాండు నుంచి అసెంబ్లీ దాకా అందరి నోట్లో నలిగిన మాట. అందరికీ తెలిసిన మాటే గదా అని ఎవరూ దాని అర్థం అడగలేదు. మన కొలువులు పోయింది ఆ అడగకపోవడం దగ్గరే.

ఊర్లో కొత్త మొఖం కనిపిస్తే మన పెద్దమనుషులు ఏమడుగుతారు? 'ఏ ఊరు బిడ్డా? ఎవరి కొడుకువు?' మొదటి ప్రశ్న నేల గురించి, రెండోది పుట్టుక గురించి. బొడ్రాయి పండుగ చేస్తే ముప్పై ఏండ్ల కింద పెండ్లయి పోయిన ఆడబిడ్డను కూడా పిలుస్తారు. ఆమె ఆ ఊరి మనిషే. బొంబాయి పోయి పదిహేనేండ్లయిన వలస కూలీ కూడా ఆ ఊరి మనిషే, ఊర్లో ఆయన ఇల్లు కూలిపోయి ఉన్నా సరే. ఎదురింట్లో అద్దెకు దిగిన బ్యాంకు మేనేజరు పదేండ్లున్నా ఊరోడు కాడు. ఇది మన లెక్క. రాసిపెట్టిన లెక్క కాదు గాని ఎవరికీ అనుమానం లేని లెక్క.

సర్కారు నౌకరికి దరఖాస్తు పెట్టేటప్పుడు ఈ రెండు ప్రశ్నల్లో ఒక్కటీ పనికిరాదు. 1975 ఉత్తర్వులు నడిచినంత కాలం చట్టం అడిగిన ప్రశ్న వేరే: 'ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు ఎక్కడ చదివినవ్?' నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా బోనఫైడ్ సర్టిఫికెట్లు జతచేయమన్నది. ఎవరి కొడుకువో దానికి అక్కరలేదు. తాతల భూమి ఎక్కడుందో అక్కరలేదు. బడి రిజిస్టర్లో పేరు ఎక్కడుందో అదొక్కటే కావాలి.

అక్కడి దాకా ఎట్లా వచ్చామో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

ముల్కీ

'ముల్క్' అంటే దేశం, రాజ్యం. ముల్కీ అంటే ఈ రాజ్యపు మనిషి. హైదరాబాద్ సంస్థానంలో పై కొలువులన్నీ బయటి నుంచి వచ్చినవాళ్ల చేతుల్లోకి పోతున్నాయనే అలజడి నిజాం కాలంలోనే ఉంది. 1919లో నిజాం ఫర్మానాతో ముల్కీ నిబంధనలు వచ్చాయి. ఆ నిబంధనలు ఒకసారి చదవండి. పుట్టుకతో హైదరాబాద్ రాజ్య ప్రజ అయినవాడు ముల్కీ. 15 ఏండ్ల సర్వీసు పూర్తిచేసి సర్కారు కొలువులో ఉన్నవాడికి పుట్టిన బిడ్డ ముల్కీ. ముల్కీని పెండ్లాడిన భార్య ముల్కీ. ఇక బయటి నుంచి వచ్చినవాడు ముల్కీ కావాలంటే కనీసం 15 ఏండ్లు ఇక్కడ స్థిర నివాసం ఉండాలి. దాంతోపాటు, తన పాత ఊరికి తిరిగిపోయే ఆలోచన మానుకున్నట్టు అఫిడవిట్ ఇవ్వాలి.

నాకు ఆ చివరి షరతు మీద గౌరవం ఉంది. నీ మనసు ఎక్కడుందని అడుగుతున్నది. పండుగకు ఎక్కడికి పోతావు, పింఛను వచ్చినంక ఎక్కడ ఇల్లు కట్టుకుంటావు అని అడిగినట్టే. ఊరి పెద్దమనిషి లెక్కకు చాలా దగ్గరగా ఉన్న నిర్వచనం అది. దాని బలహీనత కూడా అక్కడే ఉంది. మనసును ఎవరు తూకం వేస్తారు? అఫిడవిట్ ఒక కాగితం, సంతకం ఒక గుమాస్తాది. సంస్థానం కలిసిన తర్వాత దొంగ ముల్కీ సర్టిఫికెట్లు కుప్పలుగా పుట్టాయని విద్యార్థులు రోడ్డెక్కారు. 1952 సెప్టెంబర్ మొదటి వారంలో హైదరాబాద్‌లో సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ఒక మాటకు అర్థం ఎవరు చెప్పాలనే తగాదాలో మనుషులు చనిపోవడం మన దగ్గర అప్పటికే మొదలైంది.

'రాష్ట్రంలో' అంటే ఎంత?

1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. తెలంగాణ కొలువులకు 12 ఏండ్ల నివాసం వంటి నిబంధన ఉండాలన్నారు. 1957లో పార్లమెంటు ప్రభుత్వోద్యోగాలకు నివాస అర్హతల చట్టం చేసింది. 1959 నుంచి 15 ఏండ్ల నివాసం నియమం అమల్లోకి వచ్చింది. అమలు చేసిన తీరు మీకు తెలుసు. 1969 జనవరి నాటికి ఉద్యమం అంటుకున్నది ఆ తీరు మీదే. ఆ జనవరిలోనే నాన్-ముల్కీలను వాపసు పంపాలని 36 నంబరు జీవో ఇచ్చారు. పోవాల్సినవాళ్లు కోర్టుకు పోయారు.

ఇక్కడ ఆగి జాగ్రత్తగా వినండి. న్యాయశాస్త్రం చదివే పిల్లలు మరీ జాగ్రత్తగా వినాలి.

రాజ్యాంగంలో 16వ అధికరణం కొలువుల్లో సమానత్వం గురించి. నివాసం పేరుతో వివక్ష చూపరాదని రెండో క్లాజు చెబుతుంది. మూడో క్లాజు ఒక మినహాయింపు ఇస్తుంది: ఒక రాష్ట్ర ప్రభుత్వం కింద ఉండే కొలువుకు 'ఆ రాష్ట్రంలో' నివాసానికి సంబంధించిన షరతు ఏదైనా పెడుతూ పార్లమెంటు చట్టం చేయవచ్చు. తెలంగాణలో 15 ఏండ్ల నివాసం అనే నియమం ఈ క్లాజు మీదనే నిలబడింది. ప్రభుత్వ న్యాయవాదులు ఏమన్నారు? తెలంగాణ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోనే ఉన్నది గదా, తెలంగాణలో నివాసం అంటే ఆ రాష్ట్రంలో నివాసమే గదా, 'షరతు ఏదైనా' అన్నారు గదా అని. మామూలు మనిషికి ఇది సబబుగానే వినబడుతుంది. వరంగల్లో ఉన్నవాడు రాష్ట్రంలో ఉన్నట్టే.

సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒప్పుకోలేదు. 1969 మార్చి 28న ఏ.వి.ఎస్. నరసింహారావు కేసులో ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా తీర్పు చెప్పారు. 'ఆ రాష్ట్రంలో' అంటే మొత్తం రాష్ట్రం. అందులో ఒక భాగాన్ని విడదీసి, ఆ భాగంలో ఉంటేనే కొలువు అనడానికి ఆ మాటలో చోటు లేదు. భాగం గురించి చెప్పదలచుకుంటే రాజ్యాంగం స్పష్టంగా అట్లాగే చెప్పి ఉండేది. ఈ లెక్కన 1957 చట్టంలోని మూడో సెక్షన్ తెలంగాణ విషయంలో చెల్లదు.

ఒక్క చిన్న మాట. దానికి చెప్పిన ఒక్క అర్థం. పదమూడేండ్ల ఒప్పందం కింద నేల జారిపోయింది. ఆ ఏడాది ఉద్యమంలో 369 మంది అమరులయ్యారని మనం లెక్క చెప్పుకుంటాం. ఆ పిల్లల్లో 16వ అధికరణం మూడో క్లాజు చదివినవాళ్లు ఎంతమంది ఉంటారో చెప్పలేను గాని, ఆ క్లాజులోని మాట వాళ్ల బతుకుల మీదుగానే నడిచిపోయింది.

ఈ తీర్పును తిట్టి ఊరుకోవడం మనకు అలవాటైంది. చదివితే మాత్రం అది మనకే ఒక విషయం చెబుతున్నది. రాజ్యాంగం దృష్టిలో నివాసానికి కొలబద్ద రాష్ట్రం. ప్రాంతానికి ఆ భాషలో చోటు లేదు. ప్రాంతానికి ఎన్ని ఒప్పందాలు రాసిచ్చినా, ఎన్ని రక్షణలు అన్నా, కోర్టు గడపలో 'రాష్ట్రం' అన్న మాట ముందు నిలవవు. రక్షణలు చాలు అన్నవాళ్లు 1969లో ఎందుకు ఓడిపోయారు, ప్రత్యేక రాష్ట్రం అన్నవాళ్ల వాదన ఎందుకు బలపడింది అనేదానికి సగం జవాబు ఆ తీర్పులో ఉంది. మిగతా సగం కూడా చెప్పాలి: రాష్ట్రం వచ్చినంత మాత్రాన ఆ క్లాజు కింద రాష్ట్ర అసెంబ్లీకి అధికారం రాదు. చట్టం చేయవలసింది పార్లమెంటే. 2014 తర్వాత మనవాళ్లు చాలామంది ఈ రెండో సగం మరిచిపోయారు.

తర్వాత కథ చకచకా నడిచింది. చట్టం పోతే పోయింది, పాత ముల్కీ నిబంధనలు బతికే ఉన్నాయి గదా అని మళ్లీ కోర్టు. 1972 ఫిబ్రవరిలో హైకోర్టు లేవంది. 1972 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ఉన్నాయంది, రాజ్యాంగం నాటికి అమల్లో ఉన్న చట్టాలు 35వ అధికరణం కింద కొనసాగుతాయని. దాని మీద జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన, సెప్టెంబర్ 21న ఆరు సూత్రాలు, ఆ వెనుకే ముల్కీ నిబంధనల రద్దు, 32వ రాజ్యాంగ సవరణ. 1974 జులై 1 నుంచి 371-డి. దాని కింద 1975 అక్టోబర్ 18న రాష్ట్రపతి ఉత్తర్వులు. ముల్కీ అన్న మాటను పూడ్చిపెట్టి దాని మీద 'లోకల్' అనే మాటను నాటింది ఈ ఉత్తర్వులే.

పేరా 7 చదువుదాం

చట్టం చదివేటప్పుడు ఒక అలవాటు చేసుకోండి. ఒక మాట కనిపించగానే దాని నిర్వచనం ఎక్కడుందో వెతకాలి. నిర్వచనంలో 'అంటే' అని ఉంటే ఆ మాట అంతవరకే, గీత దాటదు. 'కూడా చేరి ఉండును' అని ఉంటే ఆ మాటకు మామూలు అర్థం ఉంటూనే ఇంకొంత కలుస్తుంది. 'గా పరిగణించవలెను' అని ఉంటే అది మూడో రకం. నువ్వు ఎవరైనా సరే, ఈ పని మట్టుకు నిన్ను ఇట్లా లెక్కగడతాం అని అర్థం.

పేరా 7 ఈ మూడో రకం. డైరెక్ట్ రిక్రూట్‌మెంట్ అభ్యర్థిని 'ఒక లోకల్ ఏరియాకు సంబంధించి' లోకల్ అభ్యర్థిగా పరిగణించాలి, ఎప్పుడంటే, ఆ ఏరియాలోని విద్యాసంస్థల్లో నాలుగు వరుస విద్యా సంవత్సరాలు చదివి ఉంటే. ఆ నాలుగూ సంబంధిత అర్హత పరీక్షకు హాజరైన, లేదా మొదటిసారి హాజరైన, సంవత్సరంతో ముగియాలి. అర్హత పరీక్ష ఏది? కొలువుకు కావలసిన కనీస చదువు, మెట్రిక్యులేషన్ – ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది. అంటే గ్రూప్-1 అయినా, ఇంజనీరు పోస్టయినా లెక్క పదో తరగతి దగ్గరికే వస్తుంది.

'మొదటిసారి హాజరైన' అన్న మాట ఎందుకు పెట్టారో చూడండి. పది తప్పినవాడు ఇంకో జిల్లాకు పోయి మళ్లీ రాసి అక్కడ లోకల్ కాకుండా. 'వరుస' అన్నారు గాని, పరీక్ష తప్పడం వల్ల చదువులో వచ్చిన విరామాన్ని లెక్కలోకి తీసుకోవద్దన్నారు. రాసినవాడు తెలివైనవాడు, దొంగదారులు చాలా ఊహించాడు. నాలుగేండ్లు ఒకచోట కుదరకపోతే ఏడేండ్ల లెక్క ఉంది: రాష్ట్రంలో ఏడు వరుస సంవత్సరాలు చదివి ఉంటే, అందులో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడ లోకల్, సమానమైతే చివర చదివిన చోట. బడికి పోనివాడికి నివాసం లెక్క. ఆ నివాసం దగ్గర ఒక వాక్యం రాశారు, అందరూ దాటిపోతారు: అభ్యర్థి స్వయంగా ఎక్కడ ఉన్నాడో చూడాలి గాని తల్లిదండ్రుల, సంరక్షకుల నివాసం చూడరాదు.

ముల్కీలో ఉన్న తండ్రి పోయాడు. పుట్టుక పోయింది. పెండ్లి పోయింది. మనసు పోయింది. బడి మిగిలింది.

ఇందులో మంచి లేదని నేను అనను. ఆడపిల్ల ఎవరిని పెండ్లాడినా ఆమె లోకల్ మారదు. పెండ్లయి ఎక్కడికి పోయినా పుట్టింటి దగ్గర కొలువు మీద ఆమె హక్కు పోదు. బొడ్రాయి లెక్కతో ఇక్కడ చట్టం కలిసింది. బడి రిజిస్టరు అఫిడవిట్ కంటే గట్టిది కూడా.

ఇక 'ఒక లోకల్ ఏరియాకు సంబంధించి' అన్న మాట. లోకల్ అనేది నీ వంటికి అంటుకున్న గుణం కాదని ఈ మాటలతో తేలిపోయింది. కింది స్థాయి కొలువుకు జిల్లా ఏరియా, ఆపైన జోన్ ఏరియా. ఉమ్మడి రాష్ట్రాన్ని ఆరు జోన్లు చేశారు. ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం ఐదో జోన్. హైదరాబాద్, నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, నల్లగొండ, తర్వాత వచ్చిన రంగారెడ్డి ఆరో జోన్. ఈ హాల్లో కూర్చున్న హన్మకొండ బిడ్డ హైదరాబాద్‌లో జోనల్ పోస్టుకు నాన్-లోకల్. గుంటూరు బిడ్డ ఎంత నాన్-లోకలో ఈయన అంతే. నిజాం కాలంలో అర్థం రాజ్యమంత ఉంది, 1959లో తెలంగాణ అంత ఉంది, 1975లో జోనంత అయింది. తెలంగాణ ఒక యూనిట్‌గా కొలువుల లెక్కల్లోంచి మాయమైంది ఆ రోజే.

విచిత్రం ఏమిటంటే కాలేజీ సీట్లకు 1974లో వేరే ఉత్తర్వులు వచ్చాయి. అక్కడ 85 శాతం లోకల్‌కు. లోకల్ ఏరియాలు యూనివర్సిటీల పేరుతో మూడు – ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవెంకటేశ్వర. ఉస్మానియా ఏరియా అంటే తెలంగాణ జిల్లాలన్నీ. సీటుకు తెలంగాణ ఒక్కటి, నౌకరికి రెండు ముక్కలు! పైగా ఇంజనీరింగ్, మెడిసిన్ సీటుకు అర్హత పరీక్ష ఇంటర్. నాలుగేండ్లు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా లెక్కపెట్టాలి.

ఒక పిల్లవాడు నల్లగొండలో ఎనిమిది దాకా చదివి, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా గుంటూరు హాస్టల్లో ఉన్నాడనుకోండి. అట్లాంటివాళ్లు మన ఇండ్లల్లో ఎంతోమంది. సీటు దగ్గర ఆయన ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా లోకల్, ఉస్మానియాకు నాన్-లోకల్. పదేండ్ల తర్వాత నౌకరి దగ్గరికి వస్తే నాలుగేండ్ల లెక్క ఏ ఒక్కచోటా కుదరదు, ఏడేండ్ల లెక్క తీయాలి: నాలుగు నుంచి ఎనిమిది దాకా ఐదేండ్లు నల్లగొండ, రెండేండ్లు గుంటూరు. కాబట్టి ఆరో జోన్ లోకల్. ఒకే మనిషి, ఒకే మాట, రెండు అర్థాలు.

భివండి పిల్లవాడు

ఎవరికీ లోకల్ కాని మనిషి కూడా ఉన్నాడు. పాలమూరు నుంచి, కరీంనగర్ నుంచి, నల్లగొండ నుంచి తరతరాలుగా బొంబాయికి, భివండికి, షోలాపూర్‌కు, సూరత్‌కు వలసలు పోయారు. మట్టి పనికి కొందరు, మగ్గం పనికి కొందరు. అక్కడ పుట్టిన, అక్కడి బడిలో చదివిన పిల్లలు ఉన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బతుకమ్మ ఆడతారు. ఊర్లో ఓటు, రేషన్ కార్డు ఉన్న కుటుంబాలు కూడా ఉన్నాయి.

ఆ పిల్లవాడు పది అక్కడ పాసై వాపసు వచ్చి దరఖాస్తు పెడితే? నాలుగేండ్ల లెక్కకు లేడు. ఏడేండ్ల లెక్కకు రాష్ట్రంలో చదివి ఉండాలి, లేడు. నివాసమందామంటే తల్లిదండ్రుల ఇల్లు చూడరాదని రాసిపెట్టారు. ఆరు జోన్లలో ఏ జోన్‌కూ ఆయన లోకల్ కాడు. ఊరు కరువుతో వెళ్లగొడితే పోయిన కుటుంబం అది. ఊర్లో నీళ్లుంటే, పని ఉంటే పోయేవాళ్లే కాదు. వలసకు కారణమైన వివక్షను సరిచేయడానికి పెట్టిన రక్షణ, వలస పోయినవాడి బిడ్డకే తలుపు మూసింది.

నివాసం గురించి ఆ వాక్యాన్ని ఎందుకు రాశారో నాకు అర్థమవుతుంది. ఇక్కడ ఒక ప్లాటు కొన్న తండ్రి పేరు చెప్పి అక్కడ చదివిన కొడుకు లోకల్ కాకూడదని. ప్లాటు కొన్నవాడిని, పొలం ఎండి పోయినవాడిని చట్టం ఒకే గాటన కట్టింది. 'లోకల్' అంటే మీ ఇంట్లో ఏమనుకుంటారని భివండి కార్ఖానాలో ఎవరూ అడగలేదు గదా.

ఉత్తర్వుల్లో లేని మాటలు

ఉన్న మాటకు చెప్పిన అర్థం ఒక ఎత్తు. లేని మాటలను పుట్టించడం ఇంకో ఎత్తు. ఉద్యోగ మిత్రులకు ఇది బాగా తెలుసు.

పేరా 8 ప్రకారం ఎల్‌డీసీ స్థాయి కొలువుల్లో 80 శాతం, ఇతర నాన్-గెజిటెడ్‌లో 70 శాతం, పేర్కొన్న గెజిటెడ్ పోస్టుల్లో 60 శాతం లోకల్ అభ్యర్థులకు. మిగిలిన 20, 30, 40 శాతం ఎవరిది? ఉత్తర్వులు ఎవరికీ రాసివ్వలేదు. అంటే అది ఓపెన్. లోకల్ పిల్లవాడు కూడా మెరిట్‌తో అందులో కూర్చోవచ్చు. ఆఫీసుల్లో మాత్రం దానికి 'నాన్-లోకల్ కోటా' అని పేరు పెట్టారు. పేరు పెట్టగానే అది కోటా అయి కూర్చుంది. మొదటి ర్యాంకు వచ్చిన లోకల్‌ను 80లో వేసి, ఆ 20ని బయటివాళ్లకు విడిచిపెట్టారు. 2001లో వేసిన గిర్‌గ్లానీ కమిషన్ ఈ ఉల్లంఘనను పట్టుకుని చూపించింది. ముందు ఓపెన్ నింపి తర్వాత లోకల్ నింపాలని జీవో వచ్చింది 2002లో. ఉత్తర్వులు వచ్చిన 27 ఏండ్లకు!

దానికంటే ముందు, 1985 డిసెంబర్ 30న, 610 జీవో వచ్చింది. ఐదు, ఆరు జోన్లలో నిబంధనలకు విరుద్ధంగా చేరిన నాన్-లోకల్స్‌ను 1986 మార్చి 31లోగా వారి జోన్లకు పంపాలన్నది. ఆ గడువు ఏమైందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు.

'ఫ్రీ జోన్' కూడా ఇట్లాంటి మాటే. 1975 ఉత్తర్వులు మొదటి నుంచి చివరి దాకా చదవండి, ఆరు జోన్లు కనిపిస్తాయి, ఏడోది కనిపించదు. హైదరాబాద్ ఆరో జోన్‌లో ఉంది. పేరా 14లో కొన్ని కొలువులకు మాత్రం మినహాయింపు ఇచ్చారు: సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాలు, ఇట్లాంటివి. అందులో 'ఎఫ్' క్లాజు హైదరాబాద్ నగర పోలీసు చట్టం, 1348 ఫస్లీ కింద నిర్వచించిన పోలీసు అధికారి పోస్టులది. పోస్టులకు ఇచ్చిన మినహాయింపును జనం నోట్లో ఊరికి ఇచ్చిన మినహాయింపుగా మార్చారు. ఊరే ఫ్రీ అయింది. 2009 అక్టోబర్ 9న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది పోలీసు నియామకాల కేసులో. మర్నాడు రాజధాని మొత్తం ఎవరిదీ కాదన్నట్టు ప్రచారం జరిగింది. ఆ తర్వాతి రెండు నెలల్లో తెలంగాణ ఎట్లా భగ్గుమన్నదో మీలో చాలామంది కండ్లారా చూశారు. 14-ఎఫ్‌ను 2011లో తొలగించారు.

రాష్ట్రం వచ్చిన తర్వాత

2014 జూన్ 2 తర్వాత 371-డి రెండు రాష్ట్రాలకూ వర్తించింది. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు పేరా 7ను సవరించుకున్నారు: ఇక్కడి నుంచి అక్కడికి గడువులోగా పోయినవాళ్లను అక్కడ లోకల్‌గా పరిగణిస్తామని. చూశారా, అవసరం వస్తే బడి లెక్కను పక్కనపెట్టవచ్చు, రాజ్యాంగం ఏమీ కూలిపోలేదు. భివండి పిల్లవాడికి అట్లాంటి ఒక్క వాక్యం రాయడానికి మన దగ్గర ఎవరికీ చేతులు రాలేదు.

తెలంగాణకు 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. ఏడు జోన్లు, రెండు మల్టీ జోన్లు, లోకల్‌కు 95 శాతం. బడి లెక్క ఏడు-పది నుంచి కిందికి దిగింది, ఒకటి నుంచి ఏడో తరగతి దాకా చూస్తారు, అందులో కనీసం నాలుగేండ్లు. కోచింగుల కోసం, హాస్టళ్ల కోసం హైస్కూల్లో ఊరు మారిన పిల్లలకు ఇది మేలు. వలస కూలీల బిడ్డకు? ఒకటి నుంచి ఏడు దాకా భివండిలో చదివి, ఎనిమిదిలో సిరిసిల్లకు వచ్చి ఇంటర్ దాకా అక్కడే చదివితే నౌకరికి నాన్-లోకల్. గుర్తుంచుకోండి, ఇప్పుడు ఆయనకు మిగిలింది 5 శాతం.

అదే పిల్లవాడు డాక్టర్ సీటు దగ్గరికి పోతే లోకల్ అవుతాడు. మెడికల్ ప్రవేశాలకు ఇంటర్‌తో ముగిసే నాలుగేండ్ల లెక్కను 2024 జులైలో ప్రభుత్వం పెట్టింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో హైకోర్టు ఇక్కడ స్థిర నివాసం ఉన్నవాళ్లకు ఆ షరతు పెట్టరాదన్నది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ప్రభుత్వ నిబంధననే నిలబెట్టింది. 'స్థిర నివాసి' అన్న ఊరి మాటకు, 'నాలుగేండ్ల చదువు' అన్న కాగితం మాటకు జరిగిన పోటీలో కాగితం గెలిచింది. కారణం ఊహించదగ్గదే. కాగితాన్ని లెక్కపెట్టవచ్చు. స్థిర నివాసం అంటే ఏమిటో మళ్లీ ఒక నిర్వచనం రాయాలి. 'డొమిసైల్' అనే మాట గతి చూడండి: తహసీల్దారు ఆఫీసుల్లో ఆ పేరుతో సర్టిఫికెట్లు ఇస్తూనే ఉంటారు గాని, మన దేశంలో రాష్ట్రానికో డొమిసైల్ లేదు, భారతదేశపు డొమిసైల్ ఒక్కటే ఉంది అని సుప్రీంకోర్టు 1984లోనే ప్రదీప్ జైన్ కేసులో చెప్పింది.

ఇక 2021 డిసెంబర్ 6 నాటి 317 జీవో. కొత్త జిల్లాలకు, జోన్లకు ఉద్యోగులను పంచారు, సీనియారిటీ ప్రాతిపదికన. టీచర్లు సొంత జిల్లా విడిచి పోవలసి వచ్చింది. 'స్థానికత చూడరా?' అని ధర్నాలు చేశారు. రాష్ట్రం తెచ్చుకున్నది లోకల్ అనే మాట కోసమే గదా అన్నారు. ఆ బాధ నిజం. సర్కారు చెప్పిన జవాబు పేరా 7లోనే దాక్కుని ఉంది: లోకల్ అభ్యర్థి అనే నిర్వచనం 'డైరెక్ట్ రిక్రూట్‌మెంట్'కు సంబంధించింది. కొలువులో చేరినవాడు ఇక అభ్యర్థి కాడు. చేరిన మర్నాడు నుంచి ఆ మాట ఆయనకు పనిచేయదు. చట్టం ప్రకారం ఇది నిలబడే వాదనే కావచ్చు. సీనియారిటీతో పాటు స్థానికతను కూడా చూడవద్దని మాత్రం ఎవరూ వాళ్ల చేతులు కట్టేయలేదు. చూడకపోవడం పాలకులు ఎంచుకున్న పని, దాన్ని చట్టం నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

ఇక్కడున్న విద్యార్థులకు ఒక పని చెబుతాను. మీ ఊర్లో వలస నుంచి వాపసు వచ్చిన కుటుంబాల పిల్లలు ఏ తరగతి ఎక్కడ చదివారో, ఏ సంవత్సరం వాపసు వచ్చారో రాసి పట్టుకురండి. వాళ్ల కోసం సవరణ అడగాలంటే రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి రాయాలి, రాష్ట్రపతి ఉత్తర్వులు మారాలి. అడిగేటప్పుడు మన దగ్గర లెక్క ఉండాలి. ఉద్యోగులు 317 మీద రాసిన చీటీలు నా దగ్గరికి చాలా వచ్చాయి. భార్యాభర్తల కేసులవి ఎక్కువున్నట్టున్నాయి, ముందు వాటి నుంచి మొదలుపెడతాను.